థర్మామీటర్ లెక్కకీ మీటర్ లెక్కకీ పొంతన లేదు: సైక్రోమెట్రిక్ చార్ట్‌తో ఏసీ కరెంట్ అంచనా వేయడం ఎలా?

కొత్తలెక్క
మా శిక్షణ హాల్లో రోజూ 20 మంది కూర్చుంటారు. తలుపులన్నీ మూసి ఏసీ వేస్తే మధ్యాహ్నానికల్లా అందరికీ తల బరువెక్కుతోందని నెల కిందట బయటి గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్ ఒకటి పెట్టించాం, గంటకు 500 ఘనపు మీటర్లు. పెట్టించే ముందు లెక్క నేనే వేశాను. బయట 35 డిగ్రీలు, లోపల 25. ఆ గాలి బరువు గంటకు సుమారు 557 కిలోలు, కిలోకి డిగ్రీకి ఒక కిలోజౌల్ చొప్పున 10 డిగ్రీలు చల్లబరచాలంటే 1.6 కిలోవాట్ల దగ్గర తేలింది. ఏసీ సీఓపీ, అంటే ఒక వంతు కరెంట్‌కి ఎన్ని వంతుల వేడి తీస్తుందో చెప్పే అంకె, 3.2. కాబట్టి కరెంట్ అర కిలోవాట్. రోజుకు 10 గంటలు నడిపితే 5 యూనిట్లు. ఈ కాగితం చూపించే పైవాళ్లను ఒప్పించాను.

తీరా ఏసీల సబ్‌మీటర్ చూస్తే రోజుకు 13 యూనిట్లు పెరిగింది. ఒకరోజు కాదు, రెండు వారాలుగా అంతే. సర్వీస్‌కి వచ్చినాయన గ్యాస్ తగ్గి ఉంటుంది, నింపాలి అంటున్నాడు. తెలిసినవాళ్లు ఒకరు సైక్రోమెట్రిక్ చార్ట్, అంటే గాలిలోని వేడినీ తేమనీ ఒకేచోట చూపే పటం, చూడమన్నారు. ప్రింట్ తీసి ముందు పెట్టుకున్నాను కానీ అన్ని వైపుల నుంచీ గీతలే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. రేపు మీటింగ్‌లో అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

పాతకాపు
గ్యాస్ జోలికి ఇప్పుడే పోకండి. బయట తేమ ఎంత, లోపల ఎంత?

కొత్తలెక్క
వాతావరణ యాప్‌లో మధ్యాహ్నం బయట 50 శాతం. లోపల కూడా 50 చూపిస్తోంది. రెండూ ఒకటే కదా, తేమ లెక్క అక్కర్లేదని వదిలేశాను.

తడిబల్బు
దొరికింది. 35 డిగ్రీల దగ్గర 50 శాతం, 25 డిగ్రీల దగ్గర 50 శాతం ఒకటి కావు. ఆ శాతం అనేది ఆ వేడి దగ్గర గాలి పట్టుకోగల నీటిలో ఎంత వంతు ఉందో చెబుతుంది, అంతే. వేడి గాలి ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. రెండు గ్లాసులూ సగం నిండి ఉన్నాయి, కానీ ఒకటి పెద్ద గ్లాసు.

చార్ట్ ముందు పెట్టుకోండి. కింద అడ్డంగా ఉన్నది మామూలు థర్మామీటర్ చూపే వేడి, డ్రై బల్బ్. కుడివైపు నిలువుగా ఉన్నది కిలో పొడి గాలికి ఎన్ని గ్రాముల నీరు ఉందో చెప్పేది. ఎడమ నుంచి పైకి వంగి పోయే గీతలు తేమ శాతాలు, అన్నిటికన్నా పైనున్నది 100 శాతం, అంటే సంతృప్త రేఖ. ఏటవాలుగా కిందికి దిగేవి ఎంథాల్పీ గీతలు, కిలో పొడి గాలిలో ఉన్న మొత్తం వేడి. వాటికి దాదాపు సమాంతరంగానే వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే వేడి) గీతలూ ఉంటాయి, మొదట్లో ఆ రెండిటినీ కలిపేసుకోకండి.

ఇప్పుడు 35 దగ్గర వేలు పెట్టి నిట్టనిలువుగా 50 శాతం వంపు దాకా వెళ్లండి. అక్కడి నుంచి కుడివైపుకి పోతే 17.8 గ్రాములు. ఎంథాల్పీ 80.8 కిలోజౌల్స్. ఇదే పని 25 దగ్గర చేయండి. 9.9 గ్రాములు, 50.3 కిలోజౌల్స్. తేడా 30.5. మీరు లెక్క వేసింది అందులో 10 మాత్రమే. మిగతా 20 ఆ 7.9 గ్రాముల నీటిని ఆవిరి నుంచి నీరుగా మార్చడానికి పోతోంది, గ్రాముకి సుమారు రెండున్నర కిలోజౌల్స్. గుప్తోష్ణం అని బడిలో చదువుకున్నామే, అదే ఇది.

557 కిలోలను 30.5తో గుణించి 3600తో భాగిస్తే 4.7 కిలోవాట్లు. మీరు చెప్పిన 1.6కి మూడు రెట్లు.

కొత్తలెక్క
4.7ని 3.2తో భాగిస్తే 1.47 కిలోవాట్లు, 10 గంటలకి 14.7 యూనిట్లు. నా మీటర్ 13. అంటే యంత్రం తప్పు కాదన్నమాట, నా లెక్కే సగంలో ఆగిపోయింది. రెండు వారాలు యంత్రాన్ని అనుమానించాను.

చల్లగాలి
గ్యాస్ నింపి ఉంటే ఏమయ్యేదో. అవసరం లేని చోట ఎక్కువ నింపితే కంప్రెసర్‌కే చేటు. సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ (గ్యాస్ సరిపడా ఉందో లేదో చెప్పే రెండు వేడి తేడాలు) కొలవకుండా గ్యాస్ తక్కువ అని ఎవరన్నా నేను నమ్మను.

డక్టుమనిషి
తడిబల్బు గారు చెప్పినదానికి ఇంకో ఉదాహరణ, కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను మొదట ఇదే చూపిస్తాను. ఒకచోట బయట 40 డిగ్రీలు, తేమ 15 శాతం. ఇంకోచోట 30 డిగ్రీలు, తేమ 80 శాతం. ఎక్కడ ఏసీకి ఎక్కువ భారం అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది 40 అంటారు. చార్ట్‌లో చూడండి. మొదటిదాని ఎంథాల్పీ 58 దగ్గర, రెండోదానిది 85. లోపలి గాలి 50 అనుకుంటే ఒకచోట తేడా 8, ఇంకోచోట 35. నాలుగు రెట్లకి పైనే. థర్మామీటర్ మాత్రం తిరగేసి చెబుతుంది.

లెక్కలపిచ్చి
డక్టుమనిషి గారూ, ఆ 8 దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 40 డిగ్రీల 15 శాతం గాలిలో నీరు 6.9 గ్రాములే, లోపల 9.9. అంటే వేడి వైపు 15 కిలోజౌల్స్ ప్లస్, తేమ వైపు 7 పైచిలుకు మైనస్. ఆ రెండూ కలిపి 8 అన్నారు. కానీ కాయిల్‌కి, అంటే ఏసీలో గాలిని చల్లబరిచే చల్లటి గొట్టాల చుట్టకి, ఆ మైనస్ ఎక్కడి నుంచి లాభం? అది నీటిని గాలిలో కలిపి తనంతట తాను చల్లబడదు కదా. లోపల మనుషులో వంటో ఇంకేదో తేమను పుట్టిస్తుంటే, ఆ తేమను ఈ పొడి గాలి మోసుకుపోతే ఆ మేరకే లాభం. లేకపోతే గది పొడిబారుతుంది, కాయిల్ మాత్రం 15 మొత్తం చల్లార్చాల్సిందే.

డక్టుమనిషి
నిజం. పొడి గాలి ఉన్నచోట ఎంథాల్పీ తేడాను గుడ్డిగా తీసుకుంటే అంచనా తక్కువ వస్తుంది. వేడినీ తేమనీ విడివిడిగా లెక్క వేసి, తేమ మైనస్ అయితే లోపల పుట్టే తేమ మేరకే దాన్ని తగ్గించుకోవాలి. అయినా 15, 35 పక్కపక్కన పెట్టినా నేను చెప్పిన మాట నిలబడుతుంది.

లెక్కలపిచ్చి
నిలబడుతుంది, అందులో గొడవ లేదు.

నీటిచుక్క
అంత పొడి గాలి ఉన్నచోట ఏసీకన్నా తడి మెత్తల కూలరే మేలు. ఆ 40 డిగ్రీల గాలికి వెట్ బల్బ్ 20 దగ్గర ఉంటుంది. చార్ట్‌లో ఆ బిందువు నుంచి వెట్ బల్బ్ గీత పట్టుకుని ఎడమవైపు ఎక్కితే మంచి మెత్తలతో 23, 24 దాకా దిగొచ్చు, కరెంట్ ఫ్యాన్‌కీ పంపుకీ మాత్రమే. 30 డిగ్రీల 80 శాతం దగ్గర వెట్ బల్బే 27, కూలర్ పెట్టి ప్రయోజనం లేదు. చార్ట్ మీద ఒక్క గీత గీస్తే తెలిసిపోయే విషయానికి జనం రెండు వేసవులు కూలర్‌తో కుస్తీ పడతారు.

క్లిక్‌చేస్తేచాలు
ఇన్ని గీతలు ఎందుకండీ. ఫోన్‌లో రెండు అంకెలు వేస్తే ఎంథాల్పీ చెప్పే యాప్‌లు బోలెడు ఉన్నాయి. లోడ్ లెక్కకి సాఫ్ట్‌వేర్ ఉంది. ఈ కాలంలో కాగితం చార్ట్ పట్టుకుని కూర్చోవడం దేనికి?

పాతకాపు
యాప్ అంకె చెబుతుంది, దారి చెప్పదు. గాలి ఎక్కడ బయల్దేరి ఎటు పోతోంది, కాయిల్ దాన్ని ఎంత నిటారుగా కిందికి లాగుతోంది, ఇది కంటికి కనిపించేది చార్ట్ మీదే. సాఫ్ట్‌వేర్ తప్పు అంకె తీసుకుంటే తప్పు జవాబును మూడు దశాంశాలతో ఇస్తుంది. చార్ట్ మీద గీసినవాడికి ఆ తప్పు వెంటనే కనబడుతుంది. నేను సాఫ్ట్‌వేర్ వాడతాను, కానీ జవాబు వచ్చాక నాలుగు చుక్కలు చార్ట్ మీద పెట్టకుండా సంతకం చేయను.

క్లిక్‌చేస్తేచాలు
సరే, నాలుగు చుక్కలు ఏవి? చూపించండి, నేర్చుకుంటాను.

పాతకాపు
నేను పోయినేడు చూసిన ఒక యూనిట్ లెక్కే చెబుతాను. మొత్తం గాలి గంటకు 2000 ఘనపు మీటర్లు. అందులో బరువు ప్రకారం నాలుగో వంతు బయటి గాలి, మిగతాది గది నుంచి తిరిగి వచ్చేది. బయట, లోపల పరిస్థితులు ఈ చర్చలో నడుస్తున్నవే అనుకోండి, 35 డిగ్రీలు 50 శాతం, 25 డిగ్రీలు 50 శాతం.

మొదటి చుక్క బయటి గాలి. రెండోది గది గాలి. ఈ రెండిటినీ స్కేలుతో కలపండి. కలిసిన గాలి ఆ గీత మీదే ఎక్కడో ఉంటుంది, నాలుగో వంతు బయటిదైతే గది చుక్క నుంచి గీతలో నాలుగో వంతు దూరంలో. అది 27.5 డిగ్రీలు, 11.9 గ్రాములు, 57.9 కిలోజౌల్స్. ఇది మూడో చుక్క. కాయిల్ నుంచి బయటికి వచ్చే గాలి 13 డిగ్రీలు, 95 శాతం తేమ. అంటే 8.9 గ్రాములు, 35.4 కిలోజౌల్స్. ఇది నాలుగోది.

మూడు నుంచి నాలుగుకి ఎంథాల్పీ తేడా 22.5. కలిసిన గాలి కిలోకి 0.868 ఘనపు మీటరు చోటు తీసుకుంటుంది, అంటే సెకనుకి 0.64 కిలోలు. గుణిస్తే 14.4 కిలోవాట్లు, టన్నుల్లో 4.1. ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్లు, రోజంతటిలో ఒక అమెరికన్ టన్ను మంచుగడ్డ కరిగితే పీల్చుకునే వేడి నుంచి వచ్చిన కొలత అది.

ఈ 14.4లో గది సొంత భారం 9.5, బయటి గాలి తెచ్చింది 4.9. చూడండి, బరువులో నాలుగో వంతే ఉన్న బయటి గాలి భారంలో మూడో వంతు తీసుకుంది. ఈ విడదీత యాప్‌లో ఎక్కడ కనబడుతుంది? ఇంకోటి, మూడో చుక్క నుంచి నాలుగో చుక్కకి గీసిన గీతను అలాగే పొడిగిస్తే సంతృప్త రేఖను 12 డిగ్రీల దగ్గర తాకుతుంది. కాయిల్ ఉపరితలం ఇంచుమించు ఆ చల్లదనంలో ఉండాలి. పొడిగించిన గీత రేఖను ఎక్కడా తాకకపోతే, మీరు కోరుకున్న గాలి ఆ కాయిల్‌తో నేరుగా రాదని అర్థం. ఒకసారి ఒక పెద్ద హాలు డిజైన్‌లో ఇలా తాకని గీత పట్టుకున్నాం, సాఫ్ట్‌వేర్ మౌనంగా వెనక హీటర్ కలిపేసుకుని జవాబు ఇచ్చింది.

క్లిక్‌చేస్తేచాలు
ప్రింట్ తీస్తున్నాను. మనస్ఫూర్తిగానే అంటున్నా.

చల్లగాలి
వెనక హీటర్ సంగతి వచ్చింది కాబట్టి, దాని ఖర్చు జనానికి తెలియదు. తేమ తీయడానికి గాలిని 12 డిగ్రీల దాకా దించి, గది మరీ చల్లబడుతోందని మళ్లీ 18కి వేడి చేస్తే కిలోకి 6 కిలోజౌల్స్ వృథా. ఆ 6ని దించడానికి ఒకసారి కరెంట్, పెంచడానికి మళ్లీ కరెంట్. ఏసీ బయటికి వదిలేసే కండెన్సర్ వేడినే దానికి వాడుకుంటే రెండో ఖర్చు తప్పుతుంది. కరెంట్ హీటర్ పెట్టిన చోట చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మీటర్‌రీడర్
ఇంతవరకూ అందరూ చెప్పింది కిలోవాట్ల సంగతి. కొత్తలెక్క గారు అడిగింది యూనిట్ల సంగతి. చార్ట్ ఒక క్షణానికి తీసిన ఫొటో లాంటిది. ఒక ఫొటోని 10 గంటలతో గుణిస్తే రోజు రాదు.

పొద్దున 28 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకుందాం. చార్ట్‌లో చూడండి, 17.9 గ్రాములు. మధ్యాహ్నం 35 దగ్గర 17.8. ఇంచుమించు అదే. గాలి మారనంతవరకు రోజంతా నీటి గ్రాములు పెద్దగా మారవు, మారేది వేడీ దానితోపాటు ఆ శాతమూ. పొద్దున తేమ 75, మధ్యాహ్నం 50 అని చూసి మధ్యాహ్నానికి గాలి ఆరిందనుకుంటాం. ఆరలేదు.

పొద్దుటి ఎంథాల్పీ 73.9. గదితో తేడా 23.6, మధ్యాహ్నం 30.5. థర్మామీటర్ ప్రకారమైతే పొద్దున భారం మధ్యాహ్నంలో 30 శాతమే ఉండాలి. నిజానికి 77 శాతం. 500 ఘనపు మీటర్లకి పొద్దున 3.7 కిలోవాట్లు, మధ్యాహ్నం 4.7, సగటున 4.2 అనుకుంటే 3.2తో భాగించి 10 గంటలకి 13 యూనిట్లు. మీ మీటర్ చెప్పింది అదే.

కొత్తలెక్క
ఇది చదివి లేచి నిలబడ్డాను. సరిగ్గా 13.

లెక్కలపిచ్చి
సరిగ్గా కుదిరిందని మరీ నమ్మేయకండి. సీఓపీ 3.2 అనేది ఒక పరీక్ష పరిస్థితిలో రాసిన అంకె. పొద్దున బయట చల్లగా ఉంటే కండెన్సర్ సులువుగా వేడిని వదులుతుంది, సీఓపీ పెరుగుతుంది. మధ్యాహ్నం తగ్గుతుంది. ఇన్వర్టర్ యంత్రమైతే సగం భారం దగ్గర ఇంకో అంకె. ఈ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 13 వచ్చి ఉండొచ్చు. ఫ్యాన్ సొంత కరెంట్ వేరే ఉంటుంది, అది ఏసీ సబ్‌మీటర్‌లోకి వచ్చిందా?

కొత్తలెక్క
లేదండి, ఫ్యాన్ వేరే లైను. 90 వాట్లు, రోజుకి ఒక యూనిట్ లోపే.

మీటర్‌రీడర్
లెక్కలపిచ్చి గారి మాటకి నేనూ ఒప్పుకుంటాను. సంవత్సరం మొత్తానికి అంచనా కావాలంటే ఒక రోజు చాలదు. గంట గంటకీ వాతావరణ అంకెలు తీసుకుని, వేడినిబట్టి డబ్బాలుగా పంచి, ఒక్కో డబ్బాకి సగటు తేమ గ్రాములు పెట్టుకుని, అది ఎన్ని గంటలుందో దానితో గుణించాలి. ప్రతి డబ్బాకీ సీఓపీ వేరేగా వేయాలి. ఎనిమిది, పది డబ్బాలు చాలు, ఒక మధ్యాహ్నం పని.

డిజైన్ పరిస్థితితోనే సంవత్సరమంతా గుణించే తప్పు మాత్రం చేయకండి. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) వాళ్ల 0.4 శాతం డిజైన్ పరిస్థితి అంటే సంవత్సరానికి 8760 గంటల్లో సుమారు 35 గంటలే దాన్ని మించుతుంది. యంత్రం సైజుకి అది కావాలి, బిల్లుకి కాదు. ఆ వేడి అంకె పక్కనే రాసే వెట్ బల్బ్ ఆ వేడి గంటల్లో సగటున ఉన్నది మాత్రమే. అన్నిటికన్నా తేమ గంటలు వేరే రోజుల్లో, తక్కువ వేడిలో వస్తాయి. అందుకే తేమకి వేరే డిజైన్ అంకెలు ఇస్తారు. బయటి గాలి ఎక్కువగా వాడే చోట అవి చూడకపోతే యంత్రం చాలదు.

గదిగాలి
పెద్ద యంత్రం పెడితే మంచిదేగా అనుకునేవాళ్లకి మా అనుభవం. లైబ్రరీ గదికి సరిపోయేదానికి రెట్టింపు పెట్టారు. ఐదు నిమిషాల్లో 24కి వచ్చి కంప్రెసర్ ఆగిపోయేది, బ్లోయర్ తిరుగుతూనే ఉండేది. కాయిల్ మీది తడి డ్రెయిన్‌లోకి కారేలోపు ఆ గాలికి మళ్లీ ఆవిరై గదిలోకే వచ్చేది. 24 డిగ్రీల్లోనే పుస్తకాల అట్టలు మెత్తబడ్డాయి, బూజు వాసన. అందరూ చెమ్మగా ఉందని ఇంకా తగ్గించేవాళ్లు, 21 పెట్టినా హాయిగా లేదు. బ్లోయర్‌ని ఆటోలో పెట్టాక కొంత కుదుటపడింది, చిన్న యంత్రం మార్చాకే అసలు తీరింది.

తడిబల్బు
ఆ గదిలో మొదట సరిచేయాల్సింది తేమ, వాళ్లు తగ్గించింది వేడిని. చరిత్ర చూస్తే ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితం తేమకి సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. దానికోసం విల్లిస్ క్యారియర్ చేసిన డిజైన్‌తోనే ఇదంతా మొదలైంది. తర్వాత 1911లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఆయన పెట్టిన సూత్రాల నుంచే ఈ చార్ట్ అందరి చేతికీ వచ్చింది. యూరప్‌లో 1923లో రిచర్డ్ మోలియర్ గీసిన రూపం వేరు, అందులో వేడి నిలువుగా, తేమ అడ్డంగా ఉంటాయి. నెట్‌లో అది దొరికితే కంగారు పడకండి, తిప్పి చూస్తే ఇదే.

కొండగాలి
ఒక హెచ్చరిక. మామూలుగా దొరికే చార్ట్ సముద్ర మట్టానికి గీసింది. మేం 1500 మీటర్ల ఎత్తులో పనిచేస్తాం. అక్కడ గాలి పీడనం 84.6 కిలోపాస్కల్స్ దగ్గర, కింద 101.3. అదే 35 డిగ్రీలు 50 శాతానికి అక్కడ కిలోకి 21.4 గ్రాములు, 17.8 కాదు. గాలి పలచన కాబట్టి కిలోకి పట్టే చోటు కూడా 0.90 నుంచి 1.08 ఘనపు మీటర్లకి పెరుగుతుంది. అంటే ఫ్యాన్ అదే పరిమాణం తోసినా బరువు తక్కువ. ఒకటి పెంచుతుంది, ఒకటి తగ్గిస్తుంది. మా ఎత్తుకి వేరే చార్ట్ ప్రింట్ తీసి గోడకి అంటించాం.

రెండుకొలతలు
నేను పడ్డ గోతిలో ఇంకెవరూ పడకూడదని రాస్తున్నా. పాత పుస్తకంలోని చార్ట్ ఫారెన్‌హీట్‌లో, బీటీయూల్లో (వేడికి పాత బ్రిటిష్ కొలత) ఉంది. బయటి గాలికి పౌనుకి 42.4 బీటీయూలు చదివాను. పౌనుకి ఒక బీటీయూ అంటే కిలోకి 2.326 కిలోజౌల్స్ కాబట్టి గుణిస్తే 98.6. గది అంకెని మాత్రం సెల్సియస్ చార్ట్‌లో చదివాను, 50.3. తేడా 48 వచ్చింది, యంత్రం ఒకటిన్నర రెట్లు పెద్దది రాశాను. ఆర్డర్ వెళ్లే ముందు రోజు మా సీనియర్ పట్టుకున్నారు.

కారణం ఏమిటంటే ఆ చార్ట్‌లో సున్నా అంటే సున్నా ఫారెన్‌హీట్ దగ్గరి పొడి గాలి, ఇందులో సున్నా సెల్సియస్ దగ్గరిది. మొదలే వేరు. తేడాలను మార్చుకోవచ్చు, విడి అంకెలను మార్చకూడదు.

నీటిచుక్క
ఇది బంగారం లాంటి మాట. మా దగ్గరా ఒకరు ఇదే చేశారు, పట్టుకునేవాళ్లు లేకపోయారు.

లెక్కలపిచ్చి
కొలతల సంగతి కూడా. తేమ మీటర్లు అటూ ఇటూ 3 శాతం తప్పు చూపడం మామూలు. 35 డిగ్రీల దగ్గర 50కి బదులు 53 అయితే ఎంథాల్పీ 2.8 పెరుగుతుంది. 30.5లో అది 9 శాతం. అందుకే కొత్తలెక్క గారూ, యాప్‌లో చూసిన 50ని నమ్మి 13 యూనిట్లు సరిగ్గా కుదిరాయనుకోవద్దు. యాప్‌కి ఆ అంకె ఇచ్చే వాతావరణ కేంద్రం మీ గాలి తీసుకునే జాలీ పక్కన లేదు. ఆ జాలీ వేడెక్కిన మేడ మీద ఉంటే బయటి గాలి ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే లోపలికి వస్తుంది.

పాతకాపు
చేత్తో తిప్పే సైక్రోమీటర్ ఒకటి సంపాదించండి. రెండు థర్మామీటర్లు, ఒకదానికి తడి గుడ్డ. గుడ్డ శుభ్రంగా ఉండాలి, డిస్టిల్డ్ వాటర్‌తో తడపాలి, అంకె ఇక దిగడం ఆగేదాకా తిప్పాలి. సరిగ్గా తిప్పకపోతే వెట్ బల్బ్ ఎక్కువ చూపిస్తుంది. మాసిన గుడ్డా అంతే.

నీటిచుక్క
నా పేరుకి తగ్గ సలహా: డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టండి. ఫ్యాన్ ఆపి ఒక గంట, వేసి ఒక గంట. చార్ట్ ప్రకారం 557 కిలోల గాలి నుంచి కిలోకి 7.9 గ్రాములంటే గంటకు 4.4 లీటర్లు అదనంగా రావాలి. ఒక మగ్గు, ఒక గడియారం చాలు, సెన్సర్‌తో పని లేదు. ఫ్యాన్ మార్చాక వెంటనే కొలవొద్దు, గది తేమ కుదురుకోవడానికి అరగంట పైన వదలండి.

వానరాత్రి
ఇక్కడ ఇన్ని తెలిసినవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నా. వాన పడ్డ రాత్రి బయట 22 డిగ్రీలు ఉంటుంది, లోపల 25. కిటికీలు తీసేస్తే ఏసీ ఖర్చు తగ్గుతుంది కదా? మా భవనంలో ఆటోమేటిక్‌గా బయటి గాలి తీసుకునే డ్యాంపర్ (గాలి దారిని తెరిచి మూసే తలుపు) ఉంది, అలాంటప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది. అయినా బిల్లు పెరుగుతోంది.

డక్టుమనిషి
22 డిగ్రీలు, 90 శాతం చార్ట్‌లో పెట్టండి. ఎంథాల్పీ 60. లోపల 50. చల్లగా అనిపించే ఆ గాలి లోపలి గాలికన్నా ఎక్కువ భారం మోసుకొస్తోంది, దాదాపు 15 గ్రాముల నీటితో. మీ డ్యాంపర్‌ని థర్మామీటర్ ఒక్కటే నడిపిస్తోంది. ఎంథాల్పీ చూసి నడిచేదైనా పెట్టాలి, లేదా డ్యూ పాయింట్ (గాలిలోని నీరు చుక్కలుగా మారడం మొదలయ్యే వేడి) హద్దు ఒకటి కలపాలి. కిటికీ తీసి ఏసీ పూర్తిగా ఆపేసి పడుకుంటే అది వేరే సంగతి, హాయిగా పడుకోండి. కిటికీ తీసి తర్వాత ఏసీ వేస్తే మాత్రం ఆ నీరంతా కాయిలే తీయాలి. గాలే కాదు, పరుపులూ పరదాలూ కూడా తేమ పీల్చుకుని ఉంటాయి.

వానరాత్రి
మూడు సీజన్ల నుంచి అడుగుతున్న ప్రశ్నకి జవాబు దొరికింది. రేపే చెబుతాను.

కొత్తలెక్క
నాలుగు రోజులు కొలిచాను. నిన్న మధ్యాహ్నం జాలీ దగ్గర సైక్రోమీటర్‌లో 35.5, వెట్ బల్బ్ 26. బకెట్ లెక్క: ఫ్యాన్ ఆపితే గంటకు 1.7 లీటర్లు, వేస్తే 5.9. తేడా 4.2. చార్ట్ 4.4 అంది.

ఆ 1.7 ఎక్కడిదా అని ఆలోచిస్తే, మనిషి కూర్చుని పనిచేస్తే తేమ రూపంలో 55 వాట్ల దాకా వదులుతాడని చదివాను. 20 మందికి 1100 వాట్లు, నీటిలో గంటకు 1.6 లీటర్లు. మా వాళ్ల ఊపిరీ చెమటా బకెట్‌లో కొలిచానన్నమాట. హాల్లో చెబితే అందరూ వచ్చి చూశారు.

నీటిచుక్క
4.2! ఈ రోజు మంచి రోజు.

మీటర్‌రీడర్
ఇప్పుడు తగ్గించడం మొదలుపెట్టండి. గదిని 25 డిగ్రీల 50 శాతం కాకుండా 25 డిగ్రీల 60 శాతం దగ్గర ఉంచితే గది ఎంథాల్పీ 55.4, బయటితో తేడా 30.5 నుంచి 25.4కి దిగుతుంది, 17 శాతం ఆదా. అలాగని అంతకన్నా పైకి పోనివ్వకండి. అదే 24 డిగ్రీల 50 శాతానికి దించితే తేడా 33కి పెరుగుతుంది, 8 శాతం అదనం.

గదిగాలి
60 అంటే నాకు భయం. చల్లటి గోడ మూలలో అది 75, 80 అవుతుంది. మా పుస్తకాలు గుర్తొస్తాయి. 55 దగ్గర ఆగండి.

మీటర్‌రీడర్
కాగితాలూ పుస్తకాలూ ఉన్నచోట మీ మాటే సరైనది. మనుషులు మాత్రమే కూర్చునే హాలుకి 60 నాకు అభ్యంతరం లేదు, మూలలు తడిమి చూసుకుంటూ ఉండాలి.

చల్లగాలి
అసలు ఆదా బయటికి పోయే గాలిలో ఉంది. బయటికి పంపే చల్లటి పొడి గాలితో లోపలికి వచ్చేదాన్ని ముందే చల్లబరిచే చక్రం పెడితే, వేడీ తేమా రెండూ మార్చేది, 70 శాతం పనిచేసినా 4.7 కిలోవాట్లు 1.4కి దిగుతుంది. వేడిని మాత్రమే మార్చే రకం మీకు పెద్దగా పనికిరాదు, మీ భారంలో మూడింట రెండొంతులు తేమే. అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు, అడిగి తీసుకోండి.

కొత్తలెక్క
చక్రానికి ఇప్పుడే అనుమతి రాదు. ముందు ఇంకోటి గమనించాను. 10 గంటల్లో హాలు నిండా మనుషులుండేది ఆరున్నర గంటలే, ఫ్యాన్ మాత్రం ఆగకుండా తిరుగుతోంది. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి దానితో ఫ్యాన్ నడిపించాలని రాసి ఇచ్చాను. మూడున్నర గంటలు ఆగితే నాలుగు యూనిట్ల పైన మిగలాలి. ఈసారి కాగితం మీద గీతలు కూడా గీసి జతచేశాను, నాలుగు చుక్కలతో. గ్యాస్ ప్రెజర్ కొలిపించాం, బాగానే ఉంది. సర్వీస్‌కి వచ్చే ఆయనకి కూడా చార్ట్ ఒక కాపీ ఇచ్చాను, ఆయనే అడిగాడు.

పాతకాపు
ఫ్యాన్ ఆపినప్పుడు జాలీ దగ్గర డ్యాంపర్ మూసుకునేలా చూడండి. లేకపోతే తడి గాలి దానంతట అదే లోపలికి వస్తూ ఉంటుంది, మీ నాలుగు యూనిట్లు రెండే అవుతాయి.

కొత్తలెక్క
ఇప్పుడే వెళ్లి చూశాను. డ్యాంపర్ లేదు. ఒట్టి జాలీనే. దాన్ని కూడా ఆ కాగితంలో కలుపుతున్నాను.